హుఫూఫ్ పద్ధతి

రెండు వేల ఇరవై మార్చి మొదట్లో మౌలా సాహెబ్ చేతిలో ఉన్న ఆస్తి ఇది. అరబ్బు దేశంలో ఖతీఫ్ ఊరి బజారులో, చేపల మార్కెట్టు వెనక సందులో ఒక కుట్టుషాపు. అందులో ఐదు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, గోడ పొడుగునా కటింగ్ టేబుల్. పైఅంతస్తులో పనివాళ్ళు ఉండే గది, దానికో వంటిల్లు. ధహ్రాన్‌లో పంపులు బాగుచేసే ఒక యూరప్ కంపెనీతో ఏటేటా తిరగరాసుకునే ఒప్పందం: వాళ్ళ మెకానిక్కులకు కవరాళ్ళు, అంటే మెడ నుంచి మడమ దాకా ఒకే ముక్కగా ఉండే పనిబట్టలు, కుట్టడం, చిరిగినవి సరిచేయడం. దమ్మాంలో అరువుకు తెచ్చిన నీలం గుడ్డ తానులు. నలుగురు టైలర్లు, ఒక కటింగ్ మాస్టరు.

ఇవి అతను లెక్కలో వేసుకున్నవి. వేసుకోనిది ఒకటుంది. కటింగ్ టేబుల్ సొరుగులో, నూనె పట్టించిన గుడ్డలో చుట్టిపెట్టిన పెద్ద కత్తెర. అది కటింగ్ మాస్టరు బాబావలిది. ఫిబ్రవరిలో చుట్టీ మీద పులివెందులకు పోతూ అక్కడ పెట్టి పోయాడు. కటింగ్ మాస్టర్లలో అదొక అలవాటు. పని మానేసి పోయేవాడు కత్తెర వెంట తీసుకుపోతాడు. తిరిగి వచ్చేవాడు సొరుగులో పెట్టి పోతాడు. పెట్టిపోయిన కత్తెరను ఇంకొకరు ముట్టరు. చెయ్యి మారితే దాని నడక చెడిపోతుంది. పైగా బాబావలి కుడిచేతి బొటనవేలు చిన్నప్పుడెప్పుడో బండిచక్రం కింద నలిగి వంకర తిరిగింది. ఆ వేలికి సరిపడేలా కత్తెర పిడికి నూలుపేలిక చుట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి చెమట తాగి ఆ పేలిక తోలులాగా గట్టిపడి, ఆ వంకర వేలికి అచ్చు పోసినట్టు తయారైంది.

మౌలా సాహెబ్ దేన్నయినా పెట్టుబడి, రాబడి అని రెండు పాళ్ళుగా చీల్చి చూసే మనిషి. పెళ్ళికి పోయినా, పరామర్శకు పోయినా మనసులో ఆ కూడిక తీసివేత జరుగుతూనే ఉంటుంది. అందులో సిగ్గుపడేదేమీ లేదని అతని అభిప్రాయం. లెక్క రానివాడు పరాయి దేశంలో షాపు నడపలేడు. షాపు కాగితాలూ పనివాళ్ళ వీసాలూ కఫీల్ అనే స్థానిక పూచీదారు పేరు మీద ఉన్నా మంచీ చెడ్డా చూసుకోవాల్సింది తనే కదా.

ఆ లెక్కల్లో అన్నిటికన్నా పాతది, ఖతీఫ్‌కు ముందు హుఫూఫ్ ఊళ్ళో పనిచేసిన నాటిది. రెండు వేల తొమ్మిదిలో లోకమంతటా బ్యాంకులు కుప్పకూలిన దెబ్బ అక్కడి కట్టడాల పనులకూ తగిలింది. కూలీలు తగ్గితే కూలీల బట్టలు కుట్టే షాపుకు పనేముంటుంది? బాబావలి, మౌలా సాహెబ్ అప్పుడు ఒకే షాపులో పక్కపక్క మిషన్ల మీద కూర్చునేవాళ్ళు. యజమాని ఇద్దరినీ పిలిచి, ఒక్కరికే పనుంది, ఎవరుంటారో మీరే తేల్చుకోండి అన్నాడు. న్యాయంగా అయితే కొత్తగా వచ్చిన మౌలా సాహెబ్ పోవాలి. బాబావలి అలా పోనివ్వలేదు. ఒక్క జీతమే ఇవ్వు, మధ్యాహ్నం నమాజు దాకా వాడు కుడతాడు, ఆ తర్వాత నేను కుడతాను, అని యజమానిని ఒప్పించాడు. సగం పని, సగం జీతం. ఇద్దరూ నిలబడ్డారు. ఊళ్ళో బాబావలి కట్టుకుంటున్న ఇల్లు మాత్రం పైకప్పు పడక ఆ ఏడంతా వానకు నానింది.

తర్వాత మౌలా సాహెబ్ నాలుగు డబ్బులు వెనకేసి ఖతీఫ్‌లో షాపు పెట్టినప్పుడు బాబావలిని కటింగ్ మాస్టరుగా పిలిపించుకున్నాడు. దాంతో ఆ పాత పద్దు చెల్లిపోయిందని మనసులో గీత కొట్టేశాడు.

మహమ్మారి వచ్చినప్పుడు దేశంలో మిగతా ఊళ్ళన్నిటికన్నా ముందు ఖతీఫ్‌కే దారులు మూశారు. ఊరి చివర పోలీసు బండ్లు అడ్డం నిలబెట్టారు. ధహ్రాన్ అరగంట దూరంలోనే ఉంది, కానీ ఒక్క కవరాలు అటు పోయే దారి లేదు. కొన్నాళ్ళకు విమానాలూ ఆగిపోయాయి. దారులు మళ్ళీ తెరిచేసరికి ముడిచమురు ధర పడిపోయి, కంపెనీ సగం పనులు ఆపుకుని కూర్చుంది. నెలకు వచ్చే కవరాళ్ళు మూడోవంతుకు దిగాయి. అద్దె మాత్రం దిగలేదు.

కఫీల్ పెద్దవాడు, మాట మెత్తన. ఒకరోజు షాపుకు వచ్చి అరబ్బీ కాఫీ కావా తాగుతూ, ఎవరికైనా ఖరూజ్ కొట్టి ఊరికి పంపేయాలంటే పేరు చెప్పు, ఫోనులో నొక్కితే అయిపోతుంది అన్నాడు. తన తమ్ముడి కొడుకు పనిచేసే ప్రైవేటు కంపెనీలో జీతం ఆగిపోతే మూడు నెలలపాటు పెద్ద భాగం బీమా నిధి నుంచి ప్రభుత్వమే ఇస్తోందని కూడా చెప్పాడు. అది దేశస్థులకే. మౌలా సాహెబ్ మనుషులకు అలాంటిదేమీ రాదని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ మాట అక్కడితో ఆపి, ఎండలు ముందే వచ్చాయని మాట్లాడుకున్నారు.

ఆ వారంలోనే ప్రేమానందం ఫోను చేశాడు. అతనిది నరసాపురం. ధహ్రాన్ కంపెనీ ఆఫీసులో కొనుగోళ్ళు చూస్తాడు. ఆర్డరు తగ్గించినందుకు మొహమాటపడుతూ, ఆ మొహమాటం కప్పుకోవడానికి తమ కంపెనీ కబుర్లన్నీ చెప్పాడు. జర్మనీ ఆఫీసులో ఒక్కరినీ తీసేయలేదట. అందరికీ పనిగంటలు తగ్గించారు, పోయిన జీతంలో పెద్ద భాగం అక్కడి సర్కారు పూడుస్తోంది. ఇటలీలో నష్టమొచ్చిందని ఎవరినీ తీసేయకూడదని చట్టమే చేశారు. డెన్మార్కులో మామూలుగా తీసేయడం తేలికేనట, కానీ తీసేసినవాడికి భత్యమిచ్చి ఇంకో పని నేర్పించే పూచీ సర్కారుది.

"ఒక్కో దేశానిది ఒక్కో లెక్కండి మౌలా గారూ," అన్నాడు ప్రేమానందం. "కొందరు ఉద్యోగాన్ని కాపాడతారు, కొందరు ఉద్యోగం పోయిన మనిషిని కాపాడతారు. మనలాంటోళ్ళకి రెండూ లేవనుకోండి."

మౌలా సాహెబ్‌కు ఆ జర్మనీ సంగతి నచ్చింది. సగం పని, సగం జీతం. ఎవరికీ ఖరూజ్ లేదు. పని మళ్ళీ వచ్చినప్పుడు చేయి తిరిగిన మనుషులు చేతిలోనే ఉంటారు, కొత్తవాళ్ళను తెచ్చుకునే వీసా ఖర్చు మిగులుతుంది. వ్యాపారానికి అంతకన్నా మంచి మాట లేదు. ఇది తాను ఇదివరకే ఎక్కడో చూసిన పద్ధతి అని మనసులో ఒక్క క్షణం మెదిలింది. మెదిలినదాన్ని మెదలనిచ్చి ఊరుకున్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పైగదిలో అన్నాల దగ్గర ఆ సంగతి చెప్పాడు. అతని సంసారం రాయచోటిలో ఉంది. అందుకని అతనూ పనివాళ్ళతో మెస్సులోనే తింటాడు, యజమాని కాబట్టి రెండు వాటాలు కడతాడు. ఆ మెస్సుకు ఒక పద్ధతుంది. నెల ఖర్చు తలల లెక్కన పంచుతారు. పని పోయినవాడి దగ్గర డబ్బు అడగరు, వాడు వంట చేస్తాడు. చుట్టీ మీద ఊరికి పోయినవాడి తలను విమానమెక్కిన రోజునే లెక్కలోంచి తీసేస్తారు. తినని తిండికి వాడెందుకు ఇవ్వాలని, వాడి మేలు కోరి ఎప్పుడో పెట్టుకున్న ఏర్పాటది.

మౌలా సాహెబ్ అన్నానికి నేల మీద పరిచిన సుప్రా చుట్టూ ఉన్న తలలను చూశాడు. మస్తాన్ వలీ, జబీ, జునైద్, అబ్దుల్ ఘనీ. ఉన్న పనిని నాలుగు భాగాలు చేస్తానన్నాడు. రోజు విడిచి రోజు ఇద్దరిద్దరు కుట్టాలి. జీతం సగం. ఎవరినీ ఇంటికి పంపేది లేదు. పెద్ద పెద్ద దేశాల్లో చేస్తున్న పనే ఇది అని జర్మనీ కథంతా వినిపించాడు. పని పోతుందేమోనని నెల రోజులుగా భయపడుతున్న నలుగురికీ ఊపిరి వచ్చింది. హైదరాబాదీ అబ్దుల్ ఘనీ అయితే కళ్ళు తుడుచుకున్నాడు.

అందరికన్నా పాతవాడు మస్తాన్ వలీ. మౌలా సాహెబ్‌కు దూరపు వరసలో మేనల్లుడు. అన్నంలో చేయి ఆపి అడిగాడు.

"మరి కటింగెవరు చేచ్చారు మామా?"

"నేను చేచ్చాలేబ్బీ."

"నీకు నడుం నొప్పి కదా."

"నడుం నొప్పికన్నా జీతాల నొప్పి పెద్దది."

అందరూ నవ్వారు. ఆ నవ్వు కింద బాబావలి పేరు కనబడకుండా పోయింది. మస్తాన్ వలీ ఇంకోమాట అనబోయి, పప్పుగిన్నె ఇటు జరపమన్నాడు. అయిదో భాగం సంగతి తెలియక అడగలేదని కాదు. అయిదు భాగాలైతే తమ నాలుగూ చిక్కిపోతాయని తెలిసి అడగలేదు. తలలు లెక్కపెట్టినప్పుడు సుప్రా దగ్గర ఉన్నవాళ్ళే తలలు. మెస్సులో మొదటినుంచీ అదే పద్ధతి కదా, ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

మర్నాడు మౌలా సాహెబ్ కటింగ్ టేబుల్ సొరుగు లాగాడు. షాపులో వేరే కత్తెరలు లేక కాదు. కవరాలు గుడ్డ మందం, మడతలు మడతలుగా పరిచి కోయాలంటే దానికి తూగేది అదొక్కటే. వేలు దూర్చబోతే ఆ గట్టిపడ్డ పేలిక అతని తిన్నటి వేలికి అడ్డం పడింది. కాసేపు అలాగే కోసి చూశాడు. బొటనవేలు ఒరుసుకుపోయింది. చివరకు బ్లేడుతో పేలికను కోసి, చిత్తుగుడ్డల సంచిలో వేశాడు. అప్పుడు వెనక మిషన్ల చప్పుడు ఒక్కసారిగా ఆగినట్టు అనిపించింది. తిరిగి చూస్తే అందరూ తలలు వంచుకుని కుడుతూనే ఉన్నారు.

ఎండాకాలం గడిచింది. గుడ్డ మాస్కులు కుట్టడంతో షాపు కొంత తేరుకుంది. మాస్కుల మీద వచ్చిన లాభం కవరాళ్ళ మీద ఎన్నడూ రాలేదు. అందులో పదోవంతు తీసినా ఊళ్ళో ఉన్న మనిషికి సగం జీతం పంపవచ్చని మౌలా సాహెబ్‌కు తెలుసు. అతనికి తెలియని లెక్కంటూ ఉండదు. పంపలేదు. పని చేయనివాడికి జీతమేమిటి అనుకున్నాడు, జర్మనీలో సర్కారు ఇస్తోంది కానీ షాపువాళ్ళు కాదు కదా అనుకున్నాడు. ఇలాంటి మాటలు మనిషికి ఒంటరిగా ఉన్నప్పుడు బాగానే తోస్తాయి.

బాబావలి వాట్సాప్‌లో మాట్లాడి పంపేవాడు. మొదట్లో అన్నీ వేళాకోళాలే. ఖతీఫ్ చేపలన్నీ నువ్వే తింటాండావా, నా వాటా ఎండబెట్టి పెట్టు, అనేవాడు. వచ్చే చలికాలానికి గొంతు మారింది. తిరిగొచ్చే వీసా గడువును మొదట ప్రభుత్వమే పొడిగిస్తూ వచ్చింది. తర్వాత, కఫీల్ రుసుము కడితేనే పొడిగింపు అన్నారు. ఇండియా నుంచి నేరుగా రానివ్వడం లేదు కానీ దుబాయిలో రెండు వారాలుండి వస్తే రానిస్తున్నారు. బాబావలి తన రెండు బర్రెలను అమ్మి ఆ ఖర్చు సిద్ధం చేసుకున్నాడు. అతను పంపిన ఆ మాటను మౌలా సాహెబ్ రెండుసార్లు విన్నాడు.

"టికెట్టు, దుబాయి ఖర్చు నేను చూసుకున్యా. నువ్వు చేయాల్సింది ఒకటే అబ్బీ. కఫీల్‌తో వీసా పొడిగించమను. నెలాఖరుకు గడువయిపోతాది. ఆలోపల కొడితే చాలు, నేనొచ్చి పడతా. నా కత్తెర భద్రమే కదా?"

గడువు దాటితే ఏమవుతుందో ఆ దేశంలో పనిచేసే ప్రతివాడికీ తెలుసు. వెళ్ళాడు, తిరిగి రాలేదు అని సిస్టమ్‌లో ముద్ర పడుతుంది. అలాంటివాడు మూడేళ్ళపాటు ఇంకే కఫీల్ దగ్గరికీ రాలేడు. బాబావలికి యాభై దాటాయి. ఆ వయసులో మూడేళ్ళు ఆగినవాణ్ణి మళ్ళీ ఎవరు పిలుస్తారు?

కఫీల్ రెండుసార్లు అడిగాడు. పులివెందుల మనిషికి పొడిగించమంటావా? రుసుము కొంచెమే, ఇక్కడ ఉండనిచ్చే కార్డుకు, ఇఖామాకు, ఏడాది ఖర్చు మాత్రం ఉంటుంది, నీ ఇష్టం. మౌలా సాహెబ్ మొదటిసారి, చూద్దాం అన్నాడు. రెండోసారి కూడా చూద్దాం అన్నాడు. వద్దని మాత్రం అనలేదు. వద్దంటే అది తను చేసిన పనవుతుంది. చూద్దాం అంటే కాలం చేసిన పనవుతుంది. కటింగ్ మాస్టరు జీతం లేకుండా తొమ్మిది నెలలు షాపు నడిచింది, నడుం కూడా అలవాటు పడింది. ఆ లెక్క ముందు మిగతావన్నీ వాదించలేక ఊరుకున్నాయి.

నెలాఖరు దగ్గరపడ్డాక బాబావలి నేరుగా ఫోను చేశాడు. మౌలా సాహెబ్ ఎత్తి, సిస్టమ్ తీసుకోవడం లేదన్నా, కఫీల్ ఎన్నిసార్లు నొక్కినా పోవడం లేదు అని చెప్పాడు. సరేలే, మిషన్ మాట వినకపోతే నువ్వేం చేచ్చావు, అన్నాడు బాబావలి. ఆ మాటలో ఎగతాళి ఏమైనా ఉందా అని మౌలా సాహెబ్ ఆ రోజంతా వెతికాడు. లేదు. బాబావలి నమ్మాడు. అదే బాధయింది.

ఒప్పందం తిరగరాసే కాలం వచ్చింది. ప్రేమానందం సంబరంగా ఫోను చేశాడు. షాపులో ఎవరినీ తీసేయకుండా నెట్టుకొచ్చిన సంగతి తాను జర్మనీ మేనేజరుకు చెప్పానని, ఆయన మెచ్చుకుని వీడియోలో మాట్లాడతానన్నాడని, కంపెనీ పత్రికలో కూడా వేస్తారని చెప్పాడు. మౌలా సాహెబ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ధహ్రాన్ ఆఫీసుకు పోయాడు. తెర మీద తెల్లజుట్టు మనిషి ఒకాయన, వెనకాల కిటికీలో మంచు. ఆయన ఇంగ్లీషులో చెప్పేది ప్రేమానందం తెలుగులో చెప్పాడు.

పోయినసారి సంక్షోభంలో తానే ఏడాదిపాటు వారానికి మూడు రోజులు పనిచేశానని, మిగతా రోజులు ఇంటికి రంగులు వేసుకున్నానని ఆయన నవ్వుతూ చెప్పాడు. తర్వాత నవ్వు ఆపి ఇంకోమాట చెప్పాడు. అప్పుడు జర్మనీలో పర్మనెంటువాళ్ళందరినీ నిలబెట్టుకున్నారు. అదే కాలంలో స్పెయిన్ శాఖలో తాత్కాలిక కాగితం మీద ఉన్నవాళ్ళనందరినీ ఒక్క వారంలో పంపేశారు. ఎవరినీ తీసేయలేదని ఆ ఏటి కంపెనీ నివేదికలో రాసుకున్నారు కూడా. పంపేసినవాళ్ళు తమ లెక్కలో లేనివాళ్ళు కాబట్టి అది అబద్ధమని ఎవరికీ తోచలేదట. ఆ వాక్యం మీద సంతకం పెట్టినవాళ్ళలో తానూ ఒకణ్ణని ఆయన చెప్పాడు. ఈసారి స్పెయిన్‌లో కూడా వాళ్ళను నిలబెట్టుకునే ఏర్పాటు వచ్చిందని, అందుకు సంతోషంగా ఉందని అన్నాడు.

ప్రేమానందం తర్వాతి ప్రశ్న తెలుగులో చెప్పే ముందు కొద్దిగా ఆగాడు. తన కూతురు క్రిస్టీనా బాప్తిస్మానికి అతను వేసుకున్న సూటు కత్తిరించింది బాబావలే.

"మీ దగ్గర అలా లెక్కలోకి రాకుండా మిగిలిపోయినవాళ్ళు ఎవరూ లేరు కదా, అని అడుగుతున్నారండి."

మౌలా సాహెబ్ ప్రేమానందం మొహం చూశాడు. ప్రేమానందం తన చేతులు చూసుకుంటున్నాడు. సముద్రాల అవతల ఉన్న పెద్దమనిషి తన తప్పు తానే తీసి బల్ల మీద పెట్టాడు. ఆ పక్కనే తనదీ పెట్టడానికి అంతకన్నా తేలికైన ఘడియ రాదు. కానీ అదే బల్ల మూలన కొత్త ఒప్పందం కాగితాలు ఉన్నాయి.

"ఎవరూ లేరు," అన్నాడు.

ప్రేమానందం దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారని ఆయన అడిగితే, మీ దేశం నుంచే అని మౌలా సాహెబ్ జవాబిచ్చాడు. ఆయన చాలా సంతోషించాడు. బయటికి వచ్చాక ప్రేమానందం లిఫ్టు దాకా సాగనంపాడు. ఎప్పుడూ మాటల మూటగా ఉండే మనిషి ఆరోజు ఒక్కమాటే అన్నాడు.

"బాబావలి గారు బాగున్నారాండీ?"

"బాగానే ఉన్నాడు," అన్నాడు మౌలా సాహెబ్. లిఫ్టు రావడానికి చాలాసేపు పట్టింది.

పత్రిక వచ్చింది. కటింగ్ టేబుల్ పక్కన మౌలా సాహెబ్ నిలబడ్డ ఫోటో, చేతిలో కత్తెర. అది ఫోను నుంచి ఫోనుకు పాకింది. అటువైపు తెలుగువాళ్ళ గుంపులన్నిటిలో తిరిగి, కడప జిల్లాకు కూడా చేరింది. ఓ మధ్యాహ్నం బాబావలి ఫోను వచ్చింది. మౌలా సాహెబ్ మిషన్ల మధ్యనుంచి లేచి చేపల మార్కెట్టు వైపు నడిచాడు.

"ఫోటో బాగా పడింది మౌలా. సగం పని, సగం జీతం. జర్మనీ పద్ధతంట కదా."

"అదేం లేదన్నా, వాళ్ళేదో రాసుకున్యారు."

"హుఫూఫ్ జర్మనీలో యాడుందబ్బీ? మనం ఒకే మిషన్ మీద కుట్టినప్పుడు నాకు తెల్చలేదే. తెల్చుంటే మంచు చూసి వచ్చుంటి."

ఎవరో చేపల బండి తోసుకుపోతూ పక్కకు జరగమన్నారు. మౌలా సాహెబ్ జరిగాడు.

"నలుగుర్నీ నిలబెట్టినావు. మంచిపనే. నేను కాదనను. అయిదోవాణ్ణని నన్నొక మాట అడిగింటే, సగంలో సగానికైనా సరే అనుంటి. అడగలా. సిస్టమ్ తీసుకోలేదన్యావు. వాళ్ళ కంపెనీలో పొడిగింపులు పోతాండాయా అని ప్రేమానందాన్ని అడిగినా. ఆయప్పకు అబద్ధం రాదు, ఏడుపొకటే వచ్చింది."

అప్పుడు మౌలా సాహెబ్ తన దగ్గరున్న సరుకంతా ఒక్కసారిగా బయట పెట్టాడు. కఫీల్‌తో మాట్లాడతానన్నాడు. పాత కఫీలే కొత్త వీసా తీస్తే ముద్ర అడ్డం రాదు, ఖర్చంతా తనదే, టికెట్టు తనదే, జీతం పూర్తిగా ఇస్తానన్నాడు. బాబావలి అడ్డుపడకుండా విన్నాడు. తను బస్టాండు దగ్గర చిన్న గది తీసుకున్నానని, బడిపిల్లల యూనిఫారాలు కత్తిరిస్తున్నానని, షహజాదీ గుండీలు కుడుతోందని చెప్పాడు. షహజాదీ అతని భార్య. బర్రెలు పోయినందుకు ఆమె ఇంకా తిడుతోందట.

"ఎవరి మాట మీద రావాలబ్బీ? తలలు లెక్కబెట్టేది మళ్ళా నువ్వే కదా," అన్నాడు. "నాకేమీ వద్దు. నా కత్తెర పంపియ్యి. ఇక్కడివి చేతికి కుదరడంల్యా."

"పంపుతా అన్నా."

"కటింగ్ నువ్వే చేచ్చాండావంట కదా."

"ఊఁ."

"దేంతో?"

ఆ ప్రశ్నకు జవాబు ఫోటోలోనే ఉంది. అయినా బాబావలి అడిగాడు. మౌలా సాహెబ్ చేపల గంపల ముందు నిలబడి, వాటిలోని చేపలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బాబావలే ఫోను పెట్టేశాడు.

ఆ సాయంత్రం మౌలా సాహెబ్ చిత్తుగుడ్డల సంచులన్నీ బోర్లించాడు. ఎప్పటి పేలిక, ఎప్పుడో పోయింది. కత్తెరకు సాన పట్టించాడు. సాన పట్టే పఠాను దాన్ని వెలుగుకు పెట్టి చూసి, ఇది ఒక చేతి కింద పెరిగి ఇంకో చేతి కింద చెడింది, పదునొస్తుంది కానీ పాత నడక రాదు అని ఉర్దూలో చెప్పాడు. కొత్త పేలిక తెచ్చి మౌలా సాహెబ్ తనే పిడికి చుట్టాడు. ఎంత చుట్టినా అది గుండ్రంగానే వచ్చింది. ఆ వేలు ఎటు వంకరో ఇన్నేళ్ళు పక్కన కూర్చున్నా తను సరిగ్గా చూడలేదు.

మస్తాన్ వలీ చుట్టీ మీద పోతుంటే ఆ కత్తెర అతని పెట్టెలో పెట్టించాడు. దాంతోపాటు దమ్మాంలో దొరికేవాటిలో అన్నిటికన్నా ఖరీదైన కొత్త కత్తెర కూడా పెట్టించాడు. మస్తాన్ వలీ రెండింటినీ చూసి పెట్టె మూశాడు. తన తిరుగు వీసా కాగితాన్ని మామ ముందే ఇంకోసారి తీసి, తారీఖు చదువుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

అతను తిరిగొచ్చేసరికి చలికాలం. బాబావలి పాత కత్తెర తీసుకున్నాడని, పేలిక విప్పేసి తనది చుట్టుకున్నాడని చెప్పాడు. కొత్తది పెట్టె కూడా తెరవకుండా తిప్పి పంపాడు. ఇంకా, మెస్సుకని చెనిక్కాయల ఉండలు పంపాడు. నాలుగు పొట్లాలు.

"తలకొకటి అన్యాడు మామా," అన్నాడు మస్తాన్ వలీ, తన పొట్లం విప్పి మౌలా సాహెబ్ వైపు జరుపుతూ. "తీసుకో. నాదాంట్లో తిను."

మౌలా సాహెబ్ ఒక ఉండ తీసుకున్నాడు. నలుగురూ చూస్తుండగా తినక తప్పలేదు.

అతను లెక్కల మనిషి కనుక చివరి లెక్క కూడా వేసుకున్నాడు. వచ్చినవి: ఒప్పందం, ఈసారి ఏడాదికి కాక మూడేళ్ళకు. నలుగురు టైలర్లు చేజారకుండా మిగిలారు, వాళ్ళ ఇళ్ళలో పొయ్యి ఆరలేదు, ఇది నిజమైన లాభమే, దీన్ని ఎవరూ కాదనలేరు. మాస్కుల మీద మిగిలిన సొమ్ము. తొమ్మిది నెలలు, ఆపైన మిగిలిన కటింగ్ మాస్టరు జీతం. కంపెనీ పంపగా అద్దం కట్టించి గోడకు వేలాడదీసిన ప్రశంసాపత్రం. వచ్చే గిరాకీ దాన్ని చూస్తుంది కాబట్టి వ్యాపారి దాన్ని దించలేడు. అతను తన కుర్చీని అటువైపు వీపు పెట్టి కూర్చునేలా తిప్పుకున్నాడు. ఇవి కాక కటింగ్ టేబుల్ సొరుగులో, ఇంకా పెట్టెలోంచి తీయని కొత్త కత్తెర ఒకటి.